జుట్టు రంగు ఒంటికి పడకపోతే ఏం చేయాలి?

ఆదివారం డై వేసుకుంటారు. సోమవారం ఏమీ ఉండదు. మంగళవారం పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బి ఉంటాయి, చెవుల వెనక ఒకటే దురద. ముందు రాత్రి తిన్న వంకాయ కూర మీదో, కొత్త సబ్బు మీదో అనుమానం పోతుంది. రెండు రోజుల కిందటి డై గుర్తుకే రాదు. ఎవరైనా అడిగినా “పదేళ్లుగా అదే వాడుతున్నాను, ఎప్పుడూ ఏం కాలేదు” అంటారు.

జుట్టు రంగు అలర్జీని చాలామంది సకాలంలో పట్టుకోలేకపోవడానికి కారణం ఇదే. అది చాలావరకు వెంటనే రాదు. ఏళ్ల తరబడి పడిన రంగే ఒకరోజు పడకుండా పోతుంది. ఈ రెండూ మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ముందుగా: 108కి ఎప్పుడు ఫోన్ చేయాలి

రంగు వేసుకున్న కొద్ది నిమిషాల్లో గానీ, ఒకటి రెండు గంటల్లో గానీ కింది వాటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి:

- ఊపిరి ఆడకపోవడం, ఆయాసం, పిల్లికూతలు
- నాలుక, పెదవులు, గొంతు వాయడం, గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం
- ఒళ్లంతా దద్దుర్లు లేచి, దాంతోపాటు కళ్లు తిరగడం, వాంతులు, స్పృహ తప్పుతున్నట్టు ఉండడం

ఇలాంటి తీవ్రమైన రియాక్షన్ అరుదే. కానీ వస్తే ప్రాణం మీదకు వస్తుంది. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీకి వేసే సెట్రిజిన్ మాత్ర వేసి చూద్దాం అని ఆగకూడదు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టండి. ఊపిరి కష్టంగా ఉంటే మాత్రం కూర్చోబెట్టండి. అంబులెన్స్ వచ్చేలోగా జుట్టులో ఇంకా రంగు ఉంటే ఎవరైనా చేతులకు గ్లౌజులు వేసుకుని కడిగేయవచ్చు, అయితే దానికోసం బయలుదేరడం ఆలస్యం కాకూడదు. ఆసుపత్రిలో కాస్త తేరుకోగానే ఇంటికి వెళ్లిపోతామనకండి. కొన్ని గంటల తర్వాత లక్షణాలు మళ్లీ తిరగబడే అవకాశం ఉంది కాబట్టి, వాళ్లు ఉండమన్నంత సేపు ఉండండి.

జుట్టు బ్లీచ్ చేయించుకునేవాళ్లకు ఒక మాట. బ్లీచ్ పొడిలో ఉండే అమ్మోనియం పర్‌సల్ఫేట్ వల్ల కొందరికి అప్పటికప్పుడే దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు బ్లీచ్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అసలు పడనిది ఏది?

నల్ల రంగు, ముదురు గోధుమ రంగు డైలలో ఎక్కువగా వాడే రసాయనం పారా-ఫినైలీన్‌డయమిన్. అందరూ పీపీడీ అంటారు. దాన్ని డెవలపర్‌తో, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపినప్పుడు అది గాలికి, పెరాక్సైడ్‌కు మారుతూ వెంట్రుక లోపల రంగుగా స్థిరపడుతుంది. అలా సగం మారిన దశలోనే అది చర్మానికి ఎక్కువ చేటు చేస్తుంది. పూర్తిగా రంగుగా మారాక ఆ గుణం బాగా తగ్గుతుంది. రంగు కలిపిన దగ్గర్నుంచి తల కడుక్కునేదాకా ఉన్న సమయమే గండం. రంగు ఎంత నల్లగా ఉంటే పీపీడీ సాధారణంగా అంత ఎక్కువ.

అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ (ఏదైనా తగిలి చర్మానికి వచ్చే వాపు, దురద) నిపుణుల సంఘం 2006లో పీపీడీని ‘అలర్జెన్ ఆఫ్ ద ఇయర్’గా, అంటే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. కొత్తగా కనిపెట్టారని కాదు, అది చేస్తున్న ఇబ్బంది మీద అందరి దృష్టి పడాలని.

ఇది శరీరం నేర్చుకునే అలర్జీ. మొదటిసారి, పదోసారి, ఇరవయ్యోసారి ఏమీ జరగకపోవచ్చు. ఎప్పుడో ఒకసారి చర్మంలోని రక్షణ కణాలు పీపీడీని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ తర్వాత అది తగిలిన ప్రతిసారీ కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల్లోపు తిరగబడతాయి. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక మరచిపోవడం దాదాపు ఉండదు. ఏళ్ల తర్వాత వాడినా అంతే. పైగా ప్రతిసారీ ముందటికంటే ఎక్కువగా రావచ్చు. అందుకే మొదటి చిన్న దురదనే లెక్కచేయాలి. పోయినసారి రంగు వేసుకున్నప్పుడు చెవుల దగ్గర కాస్త జిలపెట్టి దానంతటదే తగ్గిందంటే, ఈసారి కూడా అలాగే తగ్గుతుందని అనుకోవడానికి లేదు.

అలర్జీ అని ఎలా గుర్తుపట్టాలి?

రంగు వేసింది తలకు కాబట్టి మాడు మీదే అంతా కనిపిస్తుందనుకుంటాం. కానీ మాడు చర్మం మందం. పలుచని చర్మం ఉన్నచోట గోల ఎక్కువ. అద్దం ముందు నిలబడి ఈ చోట్లు వరసగా చూసుకోండి: నుదుటి మీద జుట్టు మొదలయ్యే అంచు, చెవుల పైభాగం, చెవుల వెనక మడత, మెడ వెనక భాగం, కనురెప్పలు. మీసానికో గడ్డానికో రంగు వేసుకునేవాళ్లయితే పై పెదవి, బుగ్గలు, గదవ కింద. రంగు కలిపిన చేతివేళ్ల సందులు కూడా చూడండి.

తక్కువ స్థాయిలో ఎరుపు, దురద, చిన్న చిన్న పొక్కులు ఉంటాయి. ముదిరితే నీటి బుగ్గలు లేచి, పగిలి రసి కారుతుంది, జుట్టు అట్టకడుతుంది. ముఖం వాచి కళ్లు తెరవలేని స్థితి కూడా రావచ్చు. చెవి వెనక, మెడలో బిళ్లలు కట్టి నొప్పి పెడతాయి. రెండు కళ్లూ ఒకేసారి వాచినప్పుడు కళ్లకలక అనుకుని చుక్కల మందు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. కంట్లో ఎరుపు, పుసి లేకుండా రెప్పలే ఉబ్బి దురద పెడుతుంటే, గత మూడు రోజుల్లో జుట్టుకు ఏం పెట్టారో ఒకసారి గుర్తుచేసుకోండి.

మంట వేరు, అలర్జీ వేరు. రంగు తలమీద ఉండగానే చురచురమని మండి, కడిగిన కొద్ది గంటల్లో తగ్గిపోతే అది అమ్మోనియా, పెరాక్సైడ్‌ల ఘాటు కావచ్చు. రంగు తగిలినంత మేరే ఉంటుంది, పక్కకు పాకదు. అలర్జీలో దురద ముందు, మంట తర్వాత. అది రోజు గడిచేకొద్దీ పెరుగుతుంది, రంగు తగలని చోటికి కూడా పాకుతుంది. రెండూ కలిసి రావడమూ ఉంది. తేడా తెలియనప్పుడు అలర్జీ అనే అనుకుని జాగ్రత్తపడండి.

మన చర్మపు రంగుకు సంబంధించిన మరో రూపం ఉంది, దీన్ని చాలామంది పోల్చుకోలేరు. దురదా వాపూ పెద్దగా లేకుండానే నుదురు, కణతలు, చెవుల ముందు భాగం, మెడ నెమ్మదిగా నల్లబడతాయి. మంగు అనుకుని, ఎండ అనుకుని, తెల్లబరిచే క్రీములు రాస్తారు. డై ఆపకుండా ఎన్ని క్రీములు రాసినా ఆ నలుపు పోదు. దీనికి ఎదురుగా, కొద్దిమందిలో రంగు తగిలినచోట చర్మం తెల్లబడి బొల్లి లాంటి మచ్చలు వస్తాయి. ఈ రెండింటిలో ఏది కనిపించినా డై ఆపేసి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.

మొదటి గంటలో చేయాల్సింది

రంగు తలమీద ఉండగానే దురద గానీ మంట గానీ మొదలైతే “ఇంకో పది నిమిషాలేగా, రంగు బాగా పట్టనీ” అని కూర్చోకండి. సగం రంగుతో జుట్టు చూడ్డానికి బాగుండదు నిజమే, అయినా లేవండి.

1. చేతులకు గ్లౌజులు వేసుకోండి. తలను వెనక్కి వాల్చి కడగండి. ముందుకు వంచితే రంగు నీళ్లన్నీ ముఖం మీదికి, కళ్లలోకి వస్తాయి.
2. గోరువెచ్చని లేదా చల్లని నీళ్లు ధారాళంగా పోయండి. వేడినీళ్లు వద్దు. ఘాటు లేని షాంపూతో, గోళ్లు తగలకుండా, నీళ్లలో రంగు కనిపించనంత వరకు కడగండి.
3. ముఖం, చెవులు, మెడ విడిగా సబ్బు నీళ్లతో కడిగి మెత్తని బట్టతో అద్దండి. రుద్దకండి.
4. కంట్లో పడితే శుభ్రమైన నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.
5. డై డబ్బాను పారేయకండి. పెట్టె, లోపలి కాగితం, మిగిలిన ట్యూబు అన్నీ దాచండి. పెట్టెకు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ముఖానికి కూడా ఫొటో తీసుకుంటే మంచిది, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి వాపు తగ్గినా చూపించవచ్చు.

లక్షణాలు రెండో రోజో మూడో రోజో మొదలైనా ఒకసారి తలస్నానం చేయడం మేలు. మిగిలిపోయిన రంగు ఉంటే పోతుంది. అప్పుడు వాడిన దిండు గలేబు, తువ్వాలు, దువ్వెన కూడా ఉతకండి, కడగండి. మీసం రంగు వల్ల వస్తే కత్తెరతో మీసం కురచగా కత్తిరించుకోవచ్చు. వాచిన చర్మం మీద రేజర్ పెట్టవద్దు.

తర్వాత రెండు మూడు రోజులు ఇంట్లో

చల్లని నీళ్లలో ముంచి పిండిన పలుచని నూలు బట్టను వాచినచోట 10, 15 నిమిషాలు వేసి ఉంచండి. రోజుకు మూడు నాలుగుసార్లు. రసి కారుతున్నప్పుడు దీనంత హాయినిచ్చేది మరొకటి లేదు. ఐస్ ముక్కను నేరుగా పెట్టకండి. రసి ఆరి చర్మం పొలుసులు కడుతున్నప్పుడు వాసన లేని పెట్రోలియం జెల్లీ పలుచగా రాయవచ్చు. పడుకునేటప్పుడు తల కింద ఇంకో దిండు పెట్టుకుంటే రెప్పల వాపు కొంత తగ్గుతుంది. గోళ్లు కత్తిరించుకోండి, నిద్రలో తెలియకుండానే గోకుతాం.

పెద్దవాళ్లు రాత్రిపూట సెట్రిజిన్ 10 మి.గ్రా. మాత్ర వేసుకోవచ్చు. దురద కాస్త తగ్గి నిద్ర పడుతుంది. అంతకుమించి ఆశించకండి, ఈ రకం అలర్జీని లోపలినుంచి తగ్గించేది అది కాదు. మత్తుగా ఉంటుంది కాబట్టి వేసుకుని బండి నడపవద్దు. గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వేసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతో చెప్పేవి కొన్ని ఉంటాయి. పసుపు, నిమ్మరసం, వేపాకు ముద్ద, టూత్‌పేస్టు, వెల్లుల్లి. పగిలి రసి కారుతున్న చర్మానికి ఇవన్నీ కొత్త మంటే తెస్తాయి. వాటిలో కొన్నింటికి మళ్లీ వేరే అలర్జీ కూడా రావచ్చు. మర్యాదగానే వద్దని చెప్పండి. కొబ్బరినూనె కూడా రసి పూర్తిగా ఆరేవరకు పెట్టకండి, తలంతా జిడ్డుతో అట్టకట్టి చీము పట్టే వీలుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మెడికల్ షాపులో “దురదకు ఏదైనా క్రీమ్ ఇవ్వండి” అని అడిగి తెచ్చుకునే ట్యూబు. వాటిలో చాలావరకు ఘాటైన స్టెరాయిడ్‌తో పాటు యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి ఉంటాయి. రాయగానే హాయిగా ఉంటుంది, అందుకే వదలబుద్ధి కాదు. ముఖం మీద వారాల తరబడి రాస్తే చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు వచ్చి, ఆపగానే మంట పెట్టే స్థితికి చేరుతుంది. కనురెప్పల మీద అలాంటివి రాస్తే కంటికే ప్రమాదం. ముఖానికి ఏ స్టెరాయిడ్ అయినా డాక్టరు పేరు రాసి, ఎన్ని రోజులో చెప్పాకే వాడండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు, వెళ్లి ఏం అడగాలి

కళ్లు మూసుకుపోయేంత వాపు, చూపులో తేడా, పచ్చటి చీము, జ్వరం, పొక్కులు ముఖం దాటి ఛాతీకో చేతులకో పాకడం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు వెళ్లాలి. అంత లేకపోయినా మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే వెళ్లండి.

డాక్టరు సాధారణంగా మాడుకు స్టెరాయిడ్ లోషన్, ముఖానికి తేలికపాటి స్టెరాయిడ్ కొద్దిరోజులకు ఇస్తారు. వాపు బాగా ఉంటే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు మోతాదు తగ్గించుకుంటూ వాడేలా రాస్తారు. వాటిని సగంలో ఆపేయకండి. రెండు రోజులకే ముఖం మామూలయిందని మానేస్తే మళ్లీ ఎగదన్నుతుంది. షుగర్, బీపీ, గ్యాస్ అల్సర్ ఉంటే ముందే చెప్పండి, స్టెరాయిడ్ మాత్రలకు షుగర్ పెరుగుతుంది. చీము పడితేనే యాంటీబయాటిక్.

డై మళ్లీ తగలకపోతే రెండు మూడు వారాల్లో చర్మం మామూలవుతుంది. నలుపు మచ్చ మిగిలితే అది పోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఎండకు వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్, గొడుగు తప్పనిసరి. కొందరికి ఒకటి రెండు నెలల తర్వాత జుట్టు ఎక్కువగా రాలుతుంది. మాడు వాచినందువల్ల వచ్చేది చాలావరకు తాత్కాలికమే, టెన్షన్ పడకండి.

ఆ తర్వాత ప్యాచ్ టెస్ట్ చేయించమని మీరే అడగండి. చాలామంది ముఖం తగ్గగానే ఊరుకుంటారు, ఏది పడలేదో తెలియకుండానే ఇంకో కంపెనీ డైకి మారతారు. కంపెనీ మారినా లోపల ఉన్నది అదే పీపీడీ అయితే ఏం లాభం? ప్యాచ్ టెస్ట్‌లో 1 శాతం పీపీడీతో పాటు మరికొన్ని అనుమానితాలను చిన్న చిన్న గుండ్రటి పట్టీల్లో పెట్టి వీపు మీద అతికిస్తారు. 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మళ్లీ 72 లేదా 96 గంటలకు ఇంకోసారి చూస్తారు. ఈ పరీక్షకు మన దేశంలో వాడే పదార్థాల జాబితా ‘ఇండియన్ స్టాండర్డ్ సిరీస్’లో పీపీడీ ఉంది. చివరిసారి చూసేదాకా ఆ మూడు నాలుగు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు కాబట్టి ఎండాకాలం కాకుండా చూసుకుంటే సుఖం. అలర్జీ మంట పూర్తిగా తగ్గాక, స్టెరాయిడ్ మాత్రలు ఆపాక చేస్తారు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోని చర్మవ్యాధుల విభాగంలో అడగండి. అన్నిచోట్లా పట్టీలు సిద్ధంగా ఉండవు, వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

రాకుండా చూసుకోవడం: ప్యాకెట్ చదవడం

పీపీడీ ఉన్న డై పెట్టె మీద హెచ్చరిక ఉండాలని మన దేశపు సౌందర్య సాధనాల నిబంధనలే చెబుతున్నాయి. ముందుగా పరీక్షించుకోవాలనీ, కనుబొమలకు, కనురెప్ప వెంట్రుకలకు వాడితే చూపు పోవచ్చనీ ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ రాయాలి. అలాంటి హెచ్చరిక లేని సాషే కొనకండి. కనుబొమల మాట ఉత్తినే పెట్టింది కాదు. 1930లలో అమెరికాలో లాష్ ల్యూర్ అనే రెప్పల రంగు వల్ల కొందరు ఆడవాళ్లకు చూపు పోయింది, ఒకరు చనిపోయారు. 1938లో అక్కడ సౌందర్య సాధనాల మీద గట్టి చట్టం రావడానికి అదీ ఒక కారణం. తల డై మిగిలింది కదా అని కనుబొమలకు పూసుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. మానాలి.

పదార్థాల జాబితాలో పీపీడీ ఒక్కోచోట ఒక్కో పేరుతో ఉంటుంది. పారా-ఫినైలీన్‌డయమిన్, 1,4-బెంజీన్‌డయమిన్, 1,4-డయమినోబెంజీన్, సీఐ 76060, ఇవన్నీ అదే. టోలీన్-2,5-డయమిన్ దాని దగ్గరి బంధువు. పీపీడీ పడనివాళ్లలో చాలామందికి ఇదీ పడదు. ‘పీపీడీ లేదు’ అని ముందువైపు పెద్దక్షరాలతో రాసి, వెనకవైపు టోలీన్ డయమిన్ ఉన్న డబ్బాలు దొరుకుతాయి. ‘అమ్మోనియా లేదు’ అన్నదానికి అలర్జీతో సంబంధమే లేదు. అమ్మోనియా లేకపోతే ఘాటు తగ్గుతుంది, అంతే. పది నిమిషాల్లో నల్లబరిచే షాంపూ డైలు కూడా సాధారణంగా పీపీడీ కోవలోవే.

ఇక హెర్బల్, ఆయుర్వేద, బ్లాక్ హెన్నా అన్న మాటలు. గోరింటాకు ఎన్ని గంటలు ఉంచినా ఆకు ఇచ్చేది ఎరుపే, నారింజ నుంచి ఇటుక రంగు దాకా. నల్లగా పండే గోరింటాకు లేదు. ఆషాఢంలో చేతులకు పెట్టుకునే ప్రతి తెలుగింటికీ ఈ సంగతి తెలుసు, కానీ సాషే మీద ఆకు బొమ్మ చూడగానే మరచిపోతాం. హెన్నా పొడి అరగంటలో తెల్లజుట్టును కారునలుపు చేసిందంటే అందులో పీపీడీ కలిసి ఉందనే అనుకోవాలి. పిల్లలకు జాతరల్లో, ఎగ్జిబిషన్లలో వేసే నల్ల టాటూలు, గల్ఫ్ దేశాల్లో పండగలకు పెట్టే నల్ల మెహందీ ఇంకా చెడ్డవి. వాటిలో పీపీడీ జుట్టు డైకంటే ఎక్కువగా కలిపి, నేరుగా చర్మం మీదే పెడతారు. చిన్నప్పుడు ఆ టాటూ వల్ల అలర్జీ నేర్చుకున్న శరీరం, నలభై ఏళ్లకు మొదటిసారి డై వేసుకున్న రోజున బయటపెడుతుంది. పదహారేళ్లలోపు పిల్లలకు జుట్టు రంగులు వద్దే వద్దు.

ఇంట్లో చిన్న పరీక్ష

పెట్టెలోని కాగితం చెప్పినట్టే చేయండి. సాధారణంగా ఇలా ఉంటుంది: చెవి వెనకో, మోచేతి మడత లోపలివైపో కొద్దిచోటు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. తలకు ఎలా కలుపుతారో అలాగే కొద్దిగా కలిపి చిన్న చుక్కంత రాసి, ఆరనివ్వాలి. 24 గంటల తర్వాత మెల్లగా కడగాలి. మన నిబంధనల్లోని సూచన ఇక్కడికే ఆగుతుంది, కానీ అలర్జీ రెండో రోజు కూడా తేలవచ్చు కాబట్టి 48 గంటలు నిండేవరకు తలకు వేయకండి. ఎరుపు, దురద, చిన్న పొక్కు, ఏదో ఒకటి కనిపించినా ఆ డై మీకు లేదు.

ప్రతిసారీ ఈ పరీక్ష చేసుకోవాలి. శరీరం మారవచ్చు, కంపెనీ డైలో కలిపేవీ మారవచ్చు. పరీక్షలో ఏమీ రాకపోయినా అలర్జీ రాదని పూర్తి హామీ లేదు. ఇదివరకే రియాక్షన్ వచ్చినవాళ్లు ఈ ఇంటి పరీక్ష చేసుకోకూడదు, వాళ్లకు డాక్టరు దగ్గరి ప్యాచ్ టెస్టే.

పెళ్లి ముందు రోజు రాత్రి డై వేసుకునే అలవాటు గురించి చెప్పాలి. అలర్జీ బయటపడే సమయం ఒకటి నుంచి మూడు రోజులు. అంటే అది సరిగ్గా ముహూర్తం నాటికి, ఫొటోల వేళకు ముఖం మీదికి వస్తుంది. రంగు ముహూర్తానికి వారం ముందే వేసుకోండి, పరీక్ష అంతకు మూడు రోజుల ముందు.

వేసుకునేటప్పుడు: తలలో పుండ్లు, గోకిన గాట్లు ఉంటే వాయిదా వేయండి. గడ్డం గీసుకున్న రోజే ముఖానికి రంగు పెట్టకండి. గ్లౌజులు తప్పనిసరి. కాగితంలో చెప్పిన నిమిషాలకు మించి ఉంచకండి. నుదుటి అంచున వాజిలిన్ రాస్తే మరక అంటదు, అలర్జీని మాత్రం ఆపదు. కొత్తగా మొలిచిన తెల్లజుట్టు మొదళ్లకే వేయండి, చివర్ల దాకా ప్రతిసారీ అక్కర్లేదు. ముదురు నలుపు బదులు గోధుమ రంగుకు మారితే మీ చర్మానికి తగిలే పీపీడీ తగ్గుతుంది, వయసుకు బాగా నప్పుతుంది కూడా.

డై పొట్లాలను పిల్లలకు అందనిచోట, తాళం వేసిన అలమరలో పెట్టండి. పీపీడీ కడుపులోకి వెళితే కొన్ని గంటల్లోనే నాలుక, మెడ వాచి ఊపిరి ఆగే పరిస్థితి వస్తుంది, తర్వాత కండరాలు, కిడ్నీలు దెబ్బతింటాయి. దానికి విరుగుడు మందు లేదు. ఎవరైనా మింగారని తెలిస్తే పైకి బాగానే కనిపిస్తున్నా వెంటనే వెంటిలేటర్, డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

అలర్జీ ఉందని తేలాక

తెల్లజుట్టుతో ఉండడం నా దృష్టిలో మొదటి దారి. అది ఇష్టం లేనివాళ్లకు, ఆకు ఆరబెట్టి ఇంట్లో పొడి కొట్టుకున్న గోరింటాకు ఉంది. ఎరుపు వద్దనుకుంటే దాని తర్వాత నీలి ఆకు పొడి. గోరింటాకు పెట్టి కడిగి, మళ్లీ నీలి పొడి నీళ్లతో కలిపి పెడితే ముదురు గోధుమ నుంచి నలుపు వస్తుంది. రెండు విడతలు, అరపూట పని. కొనే పొడి అయితే జాబితాలో లాసోనియా ఇనెర్మిస్ (గోరింటాకు), ఇండిగోఫెరా టింక్టోరియా (నీలి) తప్ప మరేమీ ఉండకూడదు. దీన్ని కూడా ముందు చేతి మీద పరీక్షించుకోండి. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్న పిల్లలకు గోరింటాకు వల్ల రక్తకణాలు విచ్ఛిన్నం కావచ్చు, పసిపిల్లలకు పెట్టకండి. కొన్ని వారాల్లో పోయే సెమీ-పర్మనెంట్ రంగులు, మొదళ్లకు పూసే రూట్ స్టిక్‌లు కొందరికి పడతాయి. ప్యాచ్ టెస్ట్ చేసిన డాక్టరును అడిగి ఎంచుకోండి.

పీపీడీ పడనివాళ్లకు దాన్ని పోలిన మరికొన్ని కూడా పడకపోవచ్చు. నోటిపూతకు, మొలలకు రాసే కొన్ని జెల్‌లు, ఆయింట్‌మెంట్లలోని బెంజొకైన్ అనే తిమ్మిరి మందు, ముదురు రంగు సింథటిక్ బట్టల అద్దకాలు, కొన్ని నల్ల రబ్బరు వస్తువులు. పంటి డాక్టరు తిమ్మిరెక్కడానికి సాధారణంగా వాడే లిగ్నోకైన్ వేరే జాతి, దానికి భయపడనక్కర్లేదు. ఆపరేషన్‌కు, పన్ను తీయించుకోవడానికి వెళ్లినా డై పడదని చెప్పి ఫైల్ మీద రాయించుకోండి. ఇంట్లో మీరు మానేసినా, భార్యో భర్తో వాడుతుంటే వాళ్లు కొత్తగా రంగు వేసుకున్న రోజున వాళ్ల దిండు మీద తల పెట్టకండి. అలా పక్కవాళ్ల జుట్టు నుంచి రియాక్షన్ వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

సెలూన్‌లో, పార్లర్‌లో పనిచేసేవాళ్లకు

రంగు వేసుకునేవాళ్లు నెలకోసారి ముట్టుకుంటారు, మీరు రోజూ ముట్టుకుంటారు. వేళ్ల సందుల్లో పగుళ్లు, దురదతో మొదలై చివరికి పని మానుకోవాల్సిన స్థితికి వచ్చినవాళ్లు ఎందరో. నైట్రైల్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) గ్లౌజులు వాడండి, ఒక మనిషికి వాడినవి కడిగి మళ్లీ తొడగకండి. తల కడిగేటప్పుడు కూడా గ్లౌజులు ఉండాలి, అప్పుడే చాలామంది తీసేస్తారు. కటింగ్ ముందు, రంగు తర్వాత. రంగు వేశాక కత్తిరిస్తే ఆ జుట్టంతా మీ వేళ్లకే తగులుతుంది. కస్టమర్‌ను రంగు కలపకముందే రెండు ప్రశ్నలు అడగండి: ఇదివరకు డై వేసుకున్నప్పుడు దురద గానీ వాపు గానీ వచ్చిందా? ఎప్పుడైనా నల్ల టాటూ వేయించుకున్నారా? దేనికి అవునన్నా ఆ రోజు రంగు వేయకండి, డాక్టరుకు చూపించుకుని రమ్మనండి.

హెచ్చరిక లేని ప్యాకెట్, ‘స్వచ్ఛమైన హెన్నా’ అని అమ్మి నల్లగా పండించిన పొడి మీ చేతికి వస్తే బిల్లు, ప్యాకెట్ పెట్టుకుని రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. సౌందర్య సాధనాలు కూడా వాళ్ల పరిధిలోకే వస్తాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.